నగరమే రాజ్యమైన చోట

ప్రాచీన గ్రీసు నగరరాజ్యాల పాఠం చెప్పేటప్పుడు మేము విద్యార్థులకు మన బుకిట్ బటోక్ కొండను కూడా చూపిస్తాము. రెండు వేల అయిదు వందల ఏండ్ల నాటి కథకు ఈ కొండతో ఏమి పని అని వారు అడుగుతారు. నగరమే రాజ్యమైన చోట నేల, పాలన, యుద్ధం మూడూ ఒకే త్రాటికి ముడిపడి ఉంటాయి. ఆ ముడి రెండు చోట్లా ఒకటే.

గ్రీసు కొండల దేశం. కొండల నడుమ ఇరుకైన మైదానాలు, ముందు సముద్రం. అందుచేత అక్కడ ఒక పెద్ద రాజ్యానికి బదులు వందలాది చిన్న రాజ్యాలు వెలిశాయి. ఏథెన్సు నేలలో ఆలివు పండేది గాని జనానికి చాలినంత ధాన్యం పండేది కాదు. నల్లసముద్ర తీరం నుండి ఓడలలో గోధుమలు రావలసిందే. కనుక నగరం నుండి పిరేయస్ రేవు వరకు సుమారు 6 కిలోమీటర్ల పొడవున గోడలు కట్టుకొన్నారు. క్రీ.పూ. 480లో సలామిస్ వద్ద పారసీకులపై గెలిచిన ఓడలకు తెడ్లు వేసినవారు ఎక్కువగా పేదలు. నగరాన్ని కాపాడారు గనుక సభలో వారి మాటకు బలం వచ్చింది. అయితే స్త్రీలకు, బానిసలకు, బయటి నుండి వచ్చి స్థిరపడినవారికి ఆ సభలో చోటు లేదు. క్రీ.పూ. 405లో స్పార్టా సేనాని లైసాండర్ ఏథెన్సు ఓడలను పట్టుకొన్నాడు. ధాన్యం ఆగిపోయింది. మరుసటి ఏడు నగరం లొంగిపోయింది, గోడలు కూలిపోయాయి.

ఏథెన్సుకు ధాన్యం ఎట్టిదో మన ద్వీపానికి నీరు అట్టిది. జొహోరు నీరు జలసంధి మీది కట్ట వెంబడి గొట్టంలో వచ్చేది. 1942 జనవరి 31న బ్రిటిషు సైన్యం వెనుకకు వస్తూ ఆ కట్టను పేల్చింది, గొట్టం తెగింది. ఫిబ్రవరి 8 రాత్రి జపానువారు దిగారు. 11వ తేదీకి బుకిట్ తిమా, అక్కడి ఆహార నిల్వలు పోయాయి. పట్టణంలోని గొట్టాలు బాంబులకు పగిలాయి. 15న జనరల్ పెర్సివల్ మన కొండకు దగ్గరలోని ఫోర్డు ఫ్యాక్టరీలో సంతకం చేశాడు. జపానువారు యుద్ధఖైదీల చేత కొండపై స్మారకం కట్టించి, 1945లో తామే కూల్చుకొన్నారు. మెట్లు, రెండు స్తంభాలు నేటికీ ఉన్నాయి.

అప్పటి సింగపూరు నగరమే గాని రాజ్యం కాదు. నిర్ణయాలు లండనులో జరిగేవి. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు వచ్చిన మన పెద్దలను అడిగినవారు లేరు. యుద్ధం మాత్రం వారిని వదలలేదు. ఆ తోటల నుండి వేలాది కూలీలను 415 కిలోమీటర్ల సయాం-బర్మా రైలుదారికి తరలించారు. ఎందరో తిరిగి రాలేదు. మా ఇంటి పెద్దలు సయాం అనే మాట వినబడితే మాట్లాడటం మానేసేవారు.

1957లో సింగపూరు పౌరసత్వ చట్టం వచ్చింది. 1965 ఆగస్టు 9న ఈ నగరం రాజ్యమైంది. 1967లో యువకులకు సైనిక సేవ తప్పనిసరి అయింది. తోటకూలీ మనుమడు తుపాకి పట్టాడు, ఓటూ వేశాడు. జొహోరు నీటికి 1962 ఒప్పందం 2061 వరకు ఉన్నా, జలాశయాలు పెంచి, వాడిన నీటిని శుద్ధి చేసి, ఉప్పునీటిని మార్చి వాడుకొంటున్నాము. 1942 నేర్పిన పాఠమది.

ఏథెన్సు నేర్పే పాఠం ఇంకొకటి మిగిలి ఉంది. నేడు మన తెలుగు జిల్లాల నుండి వచ్చి ఇక్కడ భవనాలు కడుతున్న కూలీలకు ఈ నగరంలో మాట లేదు. మన తాతలకూ లేదు. ఆదివారం నాడు వారు ఎదురైతే, మన తెలుగు ఎంత తడబడినా, ముందుగా మనమే పలకరించాలి.