పాత టర్బో స్పోర్ట్స్ కారు కొనవచ్చా? నిర్ణయానికి ముందు చూడవలసినవి

స్కోడా సంస్థ 2025 అక్టోబరులో కొత్త ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను 49.99 లక్షల రూపాయల ఎక్స్-షోరూమ్ ధరకు భారతదేశంలో విడుదల చేసింది. దేశం మొత్తానికీ కేటాయించినవి 100 కార్లు మాత్రమే. ఇదే పేరుతో 2017 ఆగస్టులో వచ్చిన కారు ప్రారంభ ధర 25 లక్షల లోపే. ఎనిమిదేళ్లలో ధర రెట్టింపు కావడంతో, వేగంపై మక్కువ ఉన్నవారి చూపు సహజంగానే పాత కార్ల వైపు మళ్లుతోంది. అయితే సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరికే ఆ కారు నిజంగా చౌకయినదేనా అన్నది వేరే ప్రశ్న. కారు వెల ఏటేటా తగ్గుతుంది గాని, దాని విడిభాగాల వెల తగ్గదు. పాతిక లక్షల కారును పది లక్షలకు కొన్నవారు సైతం పాతిక లక్షల కారుకు అయ్యే మరమ్మతు ఖర్చునే భరించవలసి ఉంటుంది.

మన దేశంలో దొరికేవి

రెండు సీట్ల అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు భారతీయ విపణిలో ఎప్పుడూ అరుదే. ఇక్కడ ఆ పేరుతో చెలామణీ అయ్యేవి ఎక్కువగా కుటుంబ కార్లకే బలమైన టర్బో ఇంజిన్ అమర్చిన నమూనాలు. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ వాటిలో తొలితరానికి చెందినది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 పీఎస్ శక్తి దాని ప్రత్యేకతలు. 2011లో 160 పీఎస్‌తో లారా ఆర్‌ఎస్ వచ్చింది. 2015లో ఫియట్ సంస్థ పది లక్షల లోపు ధరకు 145 పీఎస్ అబార్త్ పుంటోను తెచ్చింది. 2016లో ఫోక్స్‌వాగన్ మూడు తలుపుల పోలో జీటీఐని దిగుమతి చేసింది. 2017లో 230 పీఎస్ ఆక్టేవియా ఆర్‌ఎస్, 2020లో 200 కార్లకే పరిమితమైన ఆర్‌ఎస్ 245 వచ్చాయి.

సినిమాలు, వీడియో గేముల ద్వారా యువతకు పరిచయమైన పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల సంగతి వేరు. వాడిన కారును విదేశాల నుంచి తేవాలంటే అది తయారై మూడేళ్లు మించకూడదన్నది దిగుమతి నిబంధన. ఆ రోజుల్లో ఇక్కడ అమ్మకానికే రాని ఇరవై ఏళ్ల నాటి విదేశీ కారును ఎవరైనా భారతీయ నంబరుతో చూపిస్తే, ఇంజిన్ కన్నా ముందు కాగితాలనే శంకించాలి.

టర్బో ఎలా పనిచేస్తుంది, ఎలా అరుగుతుంది

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంట్ పొందిన ఆలోచనే నేటి టర్బోచార్జర్‌కు మూలం. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో చివరన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్‌లా లాగడంలోని రహస్యం ఇదే.

ఆ షాఫ్టు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల సార్ల వరకు తిరగగలదు. పెట్రోల్ ఇంజిన్‌లో దాన్ని తాకే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ రెంటి నడుమ చాలా టర్బోలలో షాఫ్టును కాపాడేది పలుచని నూనె పొర ఒక్కటే. అందుకే పాత టర్బో కారు ఆయుర్దాయం తిరిగిన కిలోమీటర్ల కన్నా ఆయిల్ మార్చిన తేదీలపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. తగిన రకం సింథటిక్ ఆయిల్ వేసి, గడువుకు ముందే మారుస్తూ వచ్చిన లక్ష కిలోమీటర్ల కారు, ఏళ్ల తరబడి ఒకే ఆయిల్‌తో షెడ్డులో పడి ఉన్న నలభై వేల కిలోమీటర్ల కారు కన్నా మేలైనది కావచ్చు. హైవేపై వేగంగా నడిపి, ఆగిన మరుక్షణమే తాళం తిప్పేసే అలవాటున్న యజమాని చేతిలో ఆ నూనె బేరింగుల వద్దే మాడి గడ్డకడుతుంది. ఈ సంగతి ఓడోమీటరు చెప్పదు. ‘ఒకే యజమాని, డాక్టరుగారు వాడిన కారు’ అన్న ప్రకటన కూడా చెప్పదు. వరుసగా పేర్చి ఉంచిన సర్వీసు బిల్లులే చెప్పాలి.

పరీక్ష చల్లని ఇంజిన్‌తోనే

కారు చూడటానికి వెళ్లేముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పాలి. వెళ్లగానే బానెట్‌పై చేయి వేసి చూస్తే ఆ మాట పాటించారో లేదో తెలిసిపోతుంది. వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలను దాచుతుంది. టైమింగ్ చైన్ వదులైతే వినిపించే గలగల శబ్దం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లోనే తెలుస్తుంది. లారా ఆర్‌ఎస్ కాలం నాటి 1.8 టీఎస్‌ఐ ఇంజిన్లలో చైన్ టెన్షనర్ బలహీనత, అధికంగా ఆయిల్ తాగడం అనేక దేశాల్లో చర్చకు వచ్చిన లోపాలు. అలాంటి కారు విషయంలో టెన్షనర్ మార్చిన బిల్లు ఉందా అని అడగడం అనుమానం కాదు, అవసరం. తొలితరం వీఆర్‌ఎస్, అబార్త్ పుంటోలలో చైన్‌కు బదులు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. కారు తిరగకపోయినా రబ్బరు బెల్టుకు వయసు మీద పడుతుంది. అది తెగితే ఇంజిన్ వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయే ప్రమాదం ఉంది.

ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలి పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్లు. అది టర్బో సీళ్ల నుంచి కావచ్చు, పిస్టన్ రింగుల నుంచీ కావచ్చు. తియ్యని వాసనతో ఆగకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్ లోపలికి కారుతున్నదానికి సూచన. రోడ్డు మీదికి తీసుకెళ్లాక మూడో గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కి చూడాలి. తొలుత క్షణకాలం తడబాటు టర్బోకు సహజమే. ఆ తర్వాత లాగుడు ఒకే ధారగా పెరగాలి. మధ్యలో తెగినట్లయితే గాలి గొట్టం ఎక్కడో చిట్లి ఉండవచ్చు. సన్నని ఈల శబ్దం మామూలే గాని, అంబులెన్సు సైరన్‌లా పెరిగే కూత బేరింగు అరిగిందనడానికి గుర్తు.

స్కానర్ పెట్టి చూడకుండా ఇలాంటి కారుకు అడ్వాన్సు ఇవ్వరాదు. లోపాల కోడ్‌లను ఉదయమే తుడిచేసి కారును చూపించేవారు లేకపోలేదు. అయితే కోడ్‌లు తుడిస్తే స్వీయ పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. ‘పరీక్షలు పూర్తి కాలేదు’ అని కారు కంప్యూటరే చెబుతుంది. స్వతంత్ర మెకానిక్‌కు చెల్లించే కొన్ని వేల రూపాయలు ఈ కొనుగోలులో అత్యంత సార్థకమైన ఖర్చు.

రీమ్యాప్ చేసిన కార్లు

టర్బో ఇంజిన్ శక్తిని సాఫ్ట్‌వేర్ మార్పుతోనే పెంచవచ్చు. దీన్నే రీమ్యాప్ అంటారు. పాత టర్బో కార్లలో ఇది చేయించనివి వెతుక్కోవలసిన పరిస్థితి. పెరిగిన టార్క్‌ను మోయవలసింది మాత్రం పాత క్లచ్, పాత గేర్‌బాక్సే. పోలో జీటీఐ ఉదాహరణ చూస్తే విషయం తేటపడుతుంది. దాని ఇంజిన్ ఐరోపాలో మాన్యువల్ గేర్లతో 320 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. భారత్‌కు వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ కారులో మాత్రం తయారీదారే దాన్ని 250కి పరిమితం చేశారు. ఆ డ్రై క్లచ్ గేర్‌బాక్స్ భరించే హద్దు అంతే. తయారీదారు గీసిన ఆ గీతను సాఫ్ట్‌వేర్‌తో దాటించిన కారును కొనడమంటే, గేర్‌బాక్స్ ఖర్చును ముందే ఒప్పుకున్నట్లు. ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోని ఆరు గేర్ల డీఎస్‌జీ అంతకన్నా దృఢమైనది. అయినా దాని ఆయిల్‌ను దాదాపు 60 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చి తీరాలి.

చట్టపరమైన చిక్కూ ఉంది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కచ్చితంగా అన్వయించింది. మార్పులను తెలియజేయని పక్షంలో ప్రమాద సమయంలో బీమా క్లెయిము వివాదంలో పడవచ్చు. గుండెలదిరే శబ్దమిచ్చే సైలెన్సర్ ఉంటే అసలు సైలెన్సర్‌ను కూడా ఇస్తారా అని అడగాలి. ఫిట్‌నెస్ పరీక్ష నాటికి అది అక్కరకొస్తుంది.

విడిభాగాల లభ్యత

ఇంజిన్ భాగాలు ఇతర నమూనాలతో ఉమ్మడిగా ఉంటే కొంత నయం. స్కోడా, ఫోక్స్‌వాగన్, ఆడి కార్ల మధ్య ఈ పంపకం ఎక్కువ. ఇబ్బంది వచ్చేది ఆ ఒక్క నమూనాకే పరిమితమైన భాగాలతో. దేశంలోకి కేవలం 99 వచ్చిన పోలో జీటీఐకి తలుపు రేకు సొట్టపోతే, అయిదు తలుపుల మామూలు పోలో తలుపు దానికి సరిపడదు. అబార్త్ పుంటో విషయంలో బ్రాండే దేశం నుంచి తప్పుకుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చేసరికి ఫియట్ కార్ల అమ్మకాలు ముగిసిపోయాయి. బేరం కుదుర్చుకునే ముందు ముందరి బంపరు, హెడ్‌లైటు, టర్బో – ఈ మూడింటి ధర, అవి రావడానికి పట్టే రోజులు విచారిస్తే చాలావరకు స్పష్టత వస్తుంది.

కాగితాలు

పెట్రోల్ కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షతో అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇందుకు రుసుము 5 వేల రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10 వేలకు పెంచారు. 2011 నాటి లారా ఆర్‌ఎస్‌లకు 2026తో ఆ తొలి గడువు ముగుస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో హరిత పన్ను అదనం.

ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లను నడపరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించగా, 2025లో మళ్లీ కొత్త ఉత్తర్వులు వెలువడ్డాయి. ఈ కారణంగా గడువు దగ్గరపడిన ఢిల్లీ కార్లు దక్షిణాదికి తక్కువ ధరకు వస్తుంటాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవారు ఇక్కడ లెక్క సరిగా వేసుకోవాలి. అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, నంబరు పలకలు – ఇవన్నీ కలిస్తే ధరలో కనిపించిన లాభం చాలాసార్లు మిగలదు. వేరే రాష్ట్రపు కారును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే రీ-రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

తెలుగు రాష్ట్రాల్లో మరో మెలిక ఉంది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన కార్లపై ఏపీ 09, ఏపీ 10 వంటి కోడ్‌లు నేటికీ కనిపిస్తాయి. నంబరు పలకను చూసి అది ఏ రాష్ట్రపు కారో నిర్ణయించుకోకుండా, రికార్డు ఏ రవాణా కార్యాలయంలో ఉందో చూసుకోవాలి. రుణం తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు తొలగని కార్లు, చెల్లించని చలాన్లు మామూలే. ఇవి తేలాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేయాలి. బీమా బదిలీకి ఉన్న గడువు 14 రోజులే. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవారితోనే పోతుంది.

ఇంధనం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత టర్బో కార్లు 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు కోసం రూపొందినవి కావు. దీని ఆక్టేన్ సంఖ్య ఎక్కువగా ఉండటం టర్బో ఇంజిన్‌కు అనుకూలమే. కాని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలకు పడదు. తక్కువ ఇథనాల్‌కు రూపొందిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే కారులో ట్యాంకు నిండా పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచడం మంచిది కాదు.

కొనడం ఎవరికి తగును

శక్తి ఒక్కటే కావాలనుకునేవారికి పాత కారు అనవసరం. 2004లో వీఆర్‌ఎస్ ఇచ్చిన 150 పీఎస్‌ను నేడు ఫోక్స్‌వాగన్ వర్టస్, స్కోడా స్లావియాల 1.5 లీటర్ల ఇంజిన్ వారంటీతో సహా ఇస్తోంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఉన్న ఒకే ఒక్క కారు ఇదే అయితే, విడిభాగం కోసం మూడు వారాలు షెడ్డులో నిలిచినప్పుడు ముచ్చట తీరిపోతుంది. ఇంట్లో మరో కారు ఉండి, నమ్మకమైన మెకానిక్ ఊళ్లోనే ఉండి, కొన్న ధరలో అయిదో వంతును తొలి ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టగలిగితే పాత టర్బో కారు కొనడం తప్పు కాదు. ఆ అయిదో వంతు కోసం అప్పు చేయవలసి వస్తే మరికొంత కాలం ఆగడం ఉత్తమం.

కొన్న మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించి ఆ తేదీని, కిలోమీటర్లను రాసి ఉంచుకోవాలి. తర్వాతి వెయ్యి కిలోమీటర్ల వరకు వారానికోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత తగ్గిందో చూస్తూ ఉంటే, అమ్మినవారు చెప్పిన మాటల్లో నిజమెంతో తేలుతుంది.