పాట్రియార్క్ భవనం – ఖాన్‌ఖాహ్ సలాహియా

బైతుల్ మఖ్దిస్‌లో క్రైస్తవుల పవిత్ర సమాధి చర్చిని ఆనుకొని, వాయవ్య దిశలో ఖాన్‌ఖాహ్ సలాహియా ఉన్నది. ఒకప్పుడది లాటిన్ క్రైస్తవుల మతాధిపతియైన పాట్రియార్క్ నివాసం. దానిని నిర్మించినది పాట్రియార్క్ ఆర్నల్ఫ్ (1112–1118) అని అక్కడి లాటిన్ శాసనం తెలుపుతున్నది.

1099లో శిలువ యోధులు ఈ నగరాన్ని జయించి ముస్లిములను, యూదులను ఊచకోత కోశారు. ఆ రక్తానికి బదులు తీర్చుకుంటానని సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ సైతం ముట్టడి వేళ హెచ్చరించారు. కాని చివరకు ఒప్పందం కుదిరినది. పురుషునికి 10 దీనార్లు, స్త్రీకి 5 దీనార్లు చెల్లించి తమ సొత్తుతో వెళ్ళిపోవచ్చును. హిజ్రీ 583 రజబ్ 27న (1187 అక్టోబరు 2) నగరం స్వాధీనమైనది.

పాట్రియార్క్ హెరాక్లియస్ తన 10 దీనార్లు చెల్లించి, చర్చి నిధులన్నీ మూటగట్టుకొని బయలుదేరాడు. సుల్తాన్ కార్యదర్శి, చరిత్రకారుడు ఇమాదుద్దీన్ ఇస్ఫహానీ అభ్యంతరం తెలిపారు. అభయం వ్యక్తుల సొత్తుకే గాని చర్చి నిధులకు కాదని ఆయన వాదం. తేలికగా తోసిపుచ్చదగిన వాదం కాదది! అయినా, అలా అర్థం చెబితే మనపై ఒప్పంద ద్రోహం మోపుతారని సుల్తాన్ నిరాకరించారు. ధనం చెల్లించలేని బీదలు ఎందరినో సుల్తాన్, ఆయన సోదరుడు ఆదిల్ విడిపించారు. అయినప్పటికీ వేలాదిమంది బానిసత్వంలోకి పోయారు. సుల్తాన్‌ను కీర్తించే మన రచయితలు కొందరు ఈ మాట దాటవేస్తారు; దాటవేయరాదు.

ఇక పవిత్ర సమాధి చర్చి సంగతి. దానిని కూల్చివేయాలని కొందరు సలహా ఇచ్చారు. నగరాన్ని మొదట జయించిన హజ్రత్ ఉమర్ (రజి) దానిని క్రైస్తవులకే వదిలారని తక్కినవారు గుర్తుచేశారు. చర్చి నిలిచినది. స్థానిక ప్రాచ్య క్రైస్తవులు జిజియా చెల్లించి నగరంలోనే ఉండిపోయారు.

వెళ్ళిపోయిన పాట్రియార్క్ భవనాన్ని మాత్రం సుల్తాన్ సూఫీలకు కేటాయించారు. హిజ్రీ 585లో (1189) వఖ్ఫ్‌నామా వ్రాయించి, దాని పోషణకు సమీపంలోని స్నానశాలను, మరికొన్ని ఆస్తులను జతచేశారు. అరబ్బులైనా, అజమీలైనా సూఫీలు అక్కడ ఉండి ఖుర్ఆన్ పఠనం, జిక్ర్ సాగించాలన్నది ఏర్పాటు. మస్జిద్‌గా ఆ కట్టడం నేటికీ వాడుకలో ఉన్నది. దాని మినార్ మాత్రం 15వ శతాబ్దం నాటిది. ఆ స్నానశాలకు నీరందించిన జలాశయాన్ని ముస్లిములు తరతరాలుగా ‘బిర్కతు హమ్మామిల్ బత్రక్’, అంటే పాట్రియార్క్ స్నానశాల కొలను అనే పిలిచారు.