మూసే వేళకు ఎవరూ లేవలేదు

సాయంత్రం ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. మీరు దక్షిణ లండన్‌లో, హెర్న్ హిల్ రోడ్డు మీదున్న కార్నెగీ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. 2016 మార్చి 31, గురువారం. బయట ఇంకా వెలుతురు ఉంది. మామూలు రోజైతే ఈపాటికి జనం సంచులు సర్దుకుంటూ ఉంటారు, పత్రికలు మళ్ళీ స్టాండు మీదికి చేరుతుంటాయి. ఇవాళ వచ్చేవాళ్ళే తప్ప పోయేవాళ్ళు లేరు. పైగా వచ్చేవాళ్ళ చేతుల్లో ఉన్నవి పుస్తకాలు కావు. చుట్టచుట్టిన స్లీపింగ్ బ్యాగులు, దిండ్లు, పాల డబ్బాలు, బిస్కెట్ ప్యాకెట్లు, ఒక పాప చంకలో బొచ్చు కుందేలు బొమ్మ. ఈస్టర్ సెలవులు కాబట్టి పిల్లలకు రేపు బడి బెంగ లేదు.

ఆరయింది. ఎవరూ లేవలేదు.

లైబ్రరీకి ఇదే ఆఖరి రోజు. లాంబెత్ కౌన్సిల్ ఈ సాయంత్రంతో తలుపులు మూసేసి, భవనాన్ని కొత్త రూపంలో మళ్ళీ తెరుస్తామంటోంది. కింద నేల తవ్వి జిమ్ పెడతారట. పైన కొన్ని పుస్తకాల అరలు మిగులుతాయట. ఎక్కువ సేపు లైబ్రేరియన్ ఉండరు. కౌన్సిల్ కాగితాల్లో దీని పేరు ‘హెల్తీ లివింగ్ సెంటర్’. నడిపేది గ్రీనిచ్ లెజర్ అనే సంస్థ, లండన్‌లో చాలా ఈత కొలనులూ జిమ్‌లూ దాని చేతిలోనే ఉన్నాయి. ఈ ఊరి జనం జిమ్‌కు శత్రువులేం కారు. మీ పక్కన కూర్చున్నాయన కాళ్ళకు పరుగు బూట్లే ఉన్నాయి, దగ్గర్లోని రస్కిన్ పార్కులో ఆయన రోజూ పరుగెత్తుతాడేమో కూడా. వాళ్ళు అడుగుతున్నది ఒక్కటే: చుట్టుపక్కల ఇన్ని జిమ్‌లుండగా, ఉన్న ఒక్క లైబ్రరీలోనే ఇంకోటి ఎందుకు?

తల పైకెత్తి చూడండి. కప్పు చాలా ఎత్తున ఉంది, పెద్ద పెద్ద కిటికీల్లోంచి వెలుతురు బల్లల దాకా వచ్చి పడుతోంది. ఎర్ర ఇటుకతో, టెర్రకోట అలంకారాలతో కట్టిన భవనం ఇది. 1906 జూలైలో తెరిచారు. వారసత్వ కట్టడాల జాబితాలో గ్రేడ్ 2 కింద ఉంది. కట్టించడానికి డబ్బిచ్చింది ఆండ్రూ కార్నెగీ. స్కాట్లండ్‌లో నేతగాడి కొడుకుగా పుట్టి, అమెరికా వెళ్ళి ఉక్కు వ్యాపారంలో కోట్లకు పడగలెత్తిన మనిషి. ప్రపంచమంతటా రెండున్నర వేల పైచిలుకు గ్రంథాలయాలకు డబ్బిచ్చాడు. అందులో 660 దాకా బ్రిటన్, ఐర్లండ్‌లలోనే ఉన్నాయి. తన ఫ్యాక్టరీ కూలీల పట్ల ఆయన అంత ఉదారంగా ఏమీ లేడు, ఆ సంగతీ మరిచిపోకూడదు. గ్రంథాలయాల విషయంలో మాత్రం ఆయనది గట్టి లెక్క. భవనానికి డబ్బిస్తాను, స్థలం మీరు చూసుకోండి, ఆ తర్వాత ఏటేటా నడపడానికి స్థానిక పన్నులోంచి సొమ్ము తీస్తామని మాటివ్వండి. అప్పటి చట్టం ప్రకారం ఆ పన్ను ఆస్తి విలువలో పౌనుకు ఒక పెన్నీ. దాతృత్వం ఒక్కసారి చేసేది, పన్ను ఏటా వచ్చేది. పుస్తకాలు కొనాలన్నా, దీపాలు వెలగాలన్నా, లోపల జీతం తీసుకునే మనిషి ఉండాలన్నా రెండోదే దిక్కు. ఇవాళ మీ చుట్టూ కూర్చున్న జనం పట్టుబడుతున్నదీ ఆ రెండోదాని కోసమే. భవనాన్ని ఎవరూ కూల్చడం లేదు, గోడలకు వచ్చిన ముప్పు లేదు. ఊడిపోయేది లోపలి ఉద్యోగం.

ఎనిమిదయ్యేసరికి గదిలో గలభా తగ్గింది. పిల్లల పుస్తకాల వైపు ఎవరో కథ చదువుతున్నారు. అరల మధ్య సందుల్లో స్లీపింగ్ బ్యాగులు పరుచుకున్నాయి. మీకు దొరికిన చోటు చరిత్ర విభాగం దగ్గర. పడుకుంటే కళ్ళకెదురుగా కింది అర వస్తుంది, పగటిపూట ఎవరూ వంగి చూడని అర. అక్కడి పుస్తకాల వెన్నుల మీద అంటించిన నంబర్ల చీటీలు అంచుల్లో లేచి ఉన్నాయి. ఒకదాన్ని బయటికి లాగి మొదటి పేజీ తిప్పితే తేదీల ముద్రలు వరసగా కనిపిస్తాయి, ఒకదాని కింద ఒకటి, కొన్ని వంకరగా, కొన్ని సిరా చాలక సగమే పడి. నేల చల్లగా ఉంది. తలుపు దగ్గర కాపలా మనుషులు మాట్లాడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నిద్ర సరిగ్గా పట్టదు, అయినా ఎవరూ దాని గురించి విసుక్కోరు.

మన దగ్గర ఇలాంటిదేదైనా అయితే రోడ్డు పక్కన షామియానా వేస్తారు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, మెడలో దండలతో రిలే దీక్షాపరులు. ఇక్కడ మైకు లేదు, దండలు లేవు. కిటికీల్లోంచి వేలాడే గుడ్డ బ్యానర్లు, పిల్లలు రంగులతో రాసిన అట్టలు మాత్రం ఉన్నాయి. ఇనుప కమ్మీల గేటు అవతల ఊరివాళ్ళు ఉదయం నుంచే మూగుతారు. వండిన కూర, రొట్టెలు, పళ్ళు అటునుంచి ఇటు చేతులు మారుతుంటాయి. మూతబెట్టిన ఒక గిన్నెను కమ్మీల పైనుంచి అందిస్తూ ఒకావిడ దాన్ని వంచి పట్టుకోకండని పదే పదే చెబుతోంది. చివరికి అంతా అనుకున్నట్టే సగం పులుసు గేటు మీదే ఒలికింది.

రోజులు గడుస్తున్నాయి. పత్రికలవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. రచయితలు మద్దతు పలుకుతున్నారు. సరిగ్గా ఈ వారంలోనే బీబీసీ ఒక లెక్క బయటపెట్టింది. 2010 నుంచి బ్రిటన్‌లో 343 గ్రంథాలయాలు మూతపడ్డాయి, దాదాపు ఎనిమిది వేల ఉద్యోగాలు పోయాయి. సిబ్బందిలో నాలుగో వంతు అన్నమాట. కాబట్టి ఇది ఒక్క హెర్న్ హిల్ గొడవ కాదని గదిలో అందరికీ తెలుసు. ఇదే సాయంత్రం దగ్గర్లోనే ఉన్న మినెట్ లైబ్రరీకీ తాళం పడింది, లాంబెత్ పాత రికార్డులన్నీ ఉండేది ఆ భవనంలోనే.

కౌన్సిల్ మాట కూడా వినాలి. అది పూర్తిగా తీసిపారేసేది కాదు. 2010లో వచ్చిన ప్రభుత్వం పొదుపు పేరుతో స్థానిక సంస్థలకిచ్చే గ్రాంట్లు ఏటేటా కోసింది. లేబర్ పార్టీ చేతిలో ఉన్న లాంబెత్‌కు వచ్చే సొమ్ము సగానికి సగం పడిపోతోంది. వృద్ధుల సంరక్షణ, అనాథ పిల్లల బాధ్యత చట్టప్రకారం తప్పించుకోలేనివి. నిజానికి గ్రంథాలయాల మీదా చట్టం ఉంది, 1964 నాటిది. సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సేవ అందించడం కౌన్సిల్ విధి అని అందులో ఉంది. కానీ ఎన్ని శాఖలు, ఎన్ని గంటలు, ఎంతమంది సిబ్బంది అన్నది అందులో లేదు. ఆ సందులోంచే చాలా కౌన్సిళ్ళు దూరిపోయాయి. ‘కల్చర్ 2020’ అని లాంబెత్ తన ప్రణాళికకు పేరు పెట్టుకుంది. మూసేయడం లేదు, మారుస్తున్నాం అన్నది వాళ్ళ మాట.

దీనికి జవాబు వీధి నినాదాల్లో కంటే లోపలివాళ్ళ దగ్గరే గట్టిగా ఉంది. లాంబెత్ గ్రంథాలయ శాఖ అధిపతే ఒక ప్రత్యామ్నాయం రాసిచ్చారు. సిబ్బంది, స్థానికులు కలిసి ఒక ట్రస్టుగా ఏర్పడి అన్ని శాఖలనూ నడుపుతారు, ఖర్చు తగ్గుతుంది, ఏదీ మూతపడదు అని. కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టేసింది. సిబ్బంది సంఘం పని ఆపి రోడ్డెక్కింది. డబ్బు లేదన్న మాట నిజమే కావచ్చు. కానీ ఉన్న డబ్బుతో చేయగలం అని పనిచేసేవాళ్ళే లెక్క వేసి ఇచ్చినప్పుడు దాన్ని తోసిపుచ్చి, నేల తవ్వి జిమ్ కట్టడానికి ఖర్చుపెడతామంటే జనం ఎలా నమ్ముతారు? నన్నడిగితే కౌన్సిల్ ఓడిపోయింది ఇక్కడే, తాళాల దగ్గర కాదు.

ఇంతలో ఖాళీ చేయించే కోర్టు ఉత్తర్వు కౌన్సిల్ చేతికొచ్చింది. బలవంతంగా ఈడ్చే దాకా ఆగాలా, మనంతట మనమే తలెత్తుకు బయటికి నడవాలా అన్నది లోపల చర్చ. రెండోదే ఖాయమైంది. ఏప్రిల్ 9, శనివారం. స్లీపింగ్ బ్యాగులు మళ్ళీ చుట్టచుట్టారు, అరల మధ్య నేల ఊడ్చారు, లాగిన పుస్తకాలు మళ్ళీ వాటి చోట్లలో పెట్టారు. తలుపు తెరుచుకుంది. మెట్ల మీదికి రాగానే మీ చెవులు గింగురుమంటాయి. రోడ్డు నిండా జనం, డప్పులు, ఈలలు, చప్పట్లు, భుజాల మీద పిల్లలు. అక్కడి నుంచి అందరూ బ్రిక్స్‌టన్ వైపు ఊరేగింపుగా కదిలారు. విండ్‌రష్ స్క్వేర్‌లో, చక్కెర వ్యాపారి హెన్రీ టేట్ కట్టించిన బ్రిక్స్‌టన్ లైబ్రరీ ముందు సభ జరిగింది. వందల మంది నడిచారు. దారి పొడవునా ఇళ్ళ కిటికీల్లోంచి, బస్సుల్లోంచి జనం చేతులూపారు.

ఆ తర్వాత ఏమైందన్నది అంత ఉత్సాహంగా చెప్పుకునేది కాదు. తలుపులకు తాళాలు పడ్డాయి, కాపలా పెట్టారు. దాదాపు రెండేళ్ళు లోపలికి ఎవరికీ ప్రవేశం లేదు. 2018 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచిన రోజు కూడా బయట నిరసనకారులున్నారు. నేల తవ్వించి జిమ్ పెట్టించుకున్నారు. పుస్తకాల గది మిగిలింది గానీ, లైబ్రేరియన్ ఉండే సమయం రోజులో కొద్ది గంటలకు కుదించుకుపోయింది. అదే ఏడాది మే నెలలో కౌన్సిల్ ఎన్నికలొచ్చినప్పుడు, అంతదాకా మూడు సీట్లూ లేబర్‌వే అయిన హెర్న్ హిల్ వార్డులో ఒకటి గ్రీన్ పార్టీకి పోయింది. ఆ పది రోజులకు దక్కిన ఫలితం ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతే. భవనం పూర్తిగా జిమ్ అయిపోకుండా ఆగింది, అదీ గట్టిగా కూర్చున్నందుకే అని నా నమ్మకం.

ఇది లండన్ కథ, మనకెందుకులే అనుకునే వీల్లేదు. కార్నెగీ షరతులాంటిదే మన చట్టంలోనూ ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ. వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్ము సంస్థకు చేరకుండా ఏళ్ళ తరబడి బకాయి పడిపోవడం మన దగ్గర పాత జబ్బు. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు టిఫిన్ బాక్సులతో పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. కొత్త పుస్తకాలు రాకపోయినా, ఖాళీ అయిన లైబ్రేరియన్ పోస్టు నిండకపోయినా వాళ్ళ మీద పడే దెబ్బ ఎక్కడి నుంచి మొదలవుతుందో ఈ బకాయిలు చూస్తే తెలుస్తుంది. మన దగ్గర ఎవరూ వచ్చి తాళం వేయరు. పైసలు ఆపేస్తే చాలు, తలుపు దానంతటదే మూసుకుంటుంది.

ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రశీదును ఒకసారి తిప్పి చూడండి. గ్రంథాలయ పన్ను పేరుతో ఎంత తీసుకున్నారో వెతకండి. మీ ఊళ్ళో గత ఐదేళ్ళలో ఎంత వసూలైంది, అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇవ్వండి. ఫీజు పది రూపాయలు. ముప్పై రోజుల్లో వాళ్ళు జవాబివ్వాలి.