చలనచిత్ర నేపథ్యసంగీతంలో జపాన్ వాద్యాలు: తకెమిత్సు నుంచి జాన్ విలియమ్స్ వరకు

వ్యాససంగ్రహం:

పాశ్చాత్య వాద్యబృందం, ప్రఖ్యాత ఏకవాద్యకారులు, జపాన్ సంప్రదాయ వాద్యాలు కలిసి వినిపించే నేపథ్యసంగీతాన్ని సాధారణంగా ‘సమ్మేళనం’ అనే ఒక్క మాటతో వర్ణిస్తారు. ఆ మాట వెనుక భిన్నమైన పద్ధతులు ఉన్నాయి. ఏ వాద్యాలు వాడారన్నదానికన్నా ప్రధాన వరుసను ఏ వాద్యానికి అప్పగించారన్నదే ఈ సంగీతాన్ని అంచనా వేయడానికి తగిన ప్రమాణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేపథ్యసంగీతం, వాద్యబృందం, బివా, షకుహాచి, తకెమిత్సు, జాన్ విలియమ్స్.

1. ఉపోద్ఘాతం:

2005లో రాబ్ మార్షల్ దర్శకత్వంలో ‘మెమొయిర్స్ ఆఫ్ ఎ గెయిషా’ చిత్రం విడుదలైంది. ఆర్థర్ గోల్డెన్ 1997లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. జాన్ విలియమ్స్ సమకూర్చిన సంగీతంలో యో-యో మా చెల్లోను, ఇట్జాక్ పెర్ల్‌మన్ వయొలిన్‌ను వాయించారు. షకుహాచి, కోతో, షమిసెన్, తైకో వంటి జపాన్ వాద్యాలూ ఇందులో వినిపిస్తాయి. ఈ సంగీతానికి గోల్డెన్ గ్లోబ్, బాఫ్టా, గ్రామీ పురస్కారాలు లభించాయి.

అయితే పాశ్చాత్య వాద్యబృందంతో జపాన్ వాద్యాలను కలపడం హాలీవుడ్‌తో మొదలైనది కాదు. జపాన్ స్వరకర్తలు అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఈ సమస్యను తమదైన రీతిలో ఎదుర్కొన్నారు. ఆ చరిత్రను పక్కన పెట్టి విలియమ్స్ కృషిని అంచనా వేస్తే ప్రశంస అయినా, విమర్శ అయినా అసంపూర్ణంగానే మిగులుతుంది.

2. జపాన్‌లో వాద్యబృంద నేపథ్యం:

మెయిజీ ప్రభుత్వం 1879లో సంగీత పరిశీలనకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసి, పాఠశాలల్లో పాశ్చాత్య సంగీత బోధనకు పునాది వేసింది. దాని ఫలితంగా ఇరవయ్యో శతాబ్దపు జపాన్ స్వరకర్తకు వయొలిన్, పియానో పరాయి వాద్యాలు కాలేదు. చాలా సందర్భాల్లో బివా, షకుహాచిలే దూరమయ్యాయి.

కురొసావా ‘రషోమోన్’ (1950) దీనికి మంచి ఉదాహరణ. భార్య వాంగ్మూలం వినిపించే ఘట్టానికి ఫుమియో హయసాక రవేల్ ‘బొలేరో’ను తలపించే సంగీతాన్ని రచించారు. అలాంటి సంగీతం కావాలని కోరింది దర్శకుడే. మధ్యయుగ జపాన్ కథకు ఐరోపా నృత్యలయను జతచేయడం జపాన్‌వారు స్వయంగా చేసుకున్న ఎంపిక. కాబట్టి జపాన్ కథకు పాశ్చాత్య సంగీతాన్ని వాడడమే దోషమని చెప్పడానికి చారిత్రక ఆధారం లేదు.

3. తకెమిత్సు: కలపకుండా ఎదురెదురుగా నిలపడం:

తోరు తకెమిత్సు (1930–1996) యౌవనంలో జపాన్ సంప్రదాయ సంగీతానికి దూరంగా ఉన్నారు. ఆ సంగీతం ఆయనకు యుద్ధకాలపు చేదు జ్ఞాపకాలను గుర్తుచేసేది. బున్‌రకు తోలుబొమ్మ నాటకం కాదు, కొయ్యబొమ్మల నాటకం; దాని సంగీతం విన్న తరువాతే ఆయన దృష్టి స్వదేశీ నాదం వైపు మళ్లింది.

మసాకి కొబయాషి ‘సెప్పుకు’ (1962)లో ఆయన బివాను ప్రముఖంగా వాడారు. బివా పెద్ద మీటుతో వాయించే తంత్రీవాద్యం. తీగె మోగేటప్పుడు వచ్చే జీర వంటి రొదను ‘సవారి’ అంటారు. పాశ్చాత్య శిక్షణ పొందిన చెవికి అది తొలగించవలసిన లోపంగా తోచవచ్చు. బివా సంప్రదాయంలో అదే నాదానికి ప్రాణం. తంబురాలో తీగెల కింద దారం పోగు ఉంచి ‘జీవా’ పలికించే పద్ధతి తెలిసిన పాఠకులకు ఈ సౌందర్యదృష్టి సులభంగా బోధపడుతుంది. ‘సెప్పుకు’ కథ సమురాయ్ గౌరవం అనే బూటకాన్ని బయటపెడుతుంది. అందువల్ల అందులోని బివా మీటు ప్రాచీన వైభవానికి అలంకారంగా కాక, దానిపై వేసిన ప్రశ్నగా వినిపిస్తుంది. కొబయాషి తరువాతి చిత్రం ‘క్వైదాన్’ (1964)లో తకెమిత్సు కర్ర విరిగే చప్పుడు వంటి సహజధ్వనులను కూడా సంగీతంలో భాగం చేశారు.

చలనచిత్రాల్లో సంపాదించిన ఈ అనుభవం కచేరీ వేదికకు చేరింది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ 125వ వార్షికోత్సవానికి తకెమిత్సు రచించిన ‘నవంబర్ స్టెప్స్’ను 1967 నవంబరులో సెయిజీ ఒజావా నిర్వహణలో తొలిసారి ప్రదర్శించారు. కిన్‌షీ త్సురుత బివాను, కత్సుయ యొకొయామ షకుహాచిని వాయించారు. రెండు సంప్రదాయాలనూ మేళవించడం ఇందులో స్వరకర్త ఉద్దేశం కాదు. వాటి మధ్య ఉన్న తేడాను వినిపించడమే ఉద్దేశం. అందుకే వాద్యబృందం మౌనం వహించి, జపాన్ వాద్యాలు రెండే చాలాసేపు సంభాషించే భాగం ఉంది. ఇక్కడ ప్రధాన ఏకవాద్యకారులు జపాన్ వాద్యకారులే.

తకెమిత్సు సైతం దీన్ని నియమంగా పెట్టుకోలేదు. కురొసావా ‘రాన్’ (1985)కు దర్శకుడు మాలర్ తరహా సంగీతాన్ని కోరారు. కోట దహనమయ్యే యుద్ధఘట్టంలో ఆయుధాల చప్పుళ్లు, ఆర్తనాదాలు తొలగిపోయి వాద్యబృందం మాత్రమే వినిపిస్తుంది. ఒక తుపాకి మోతతో ఆ సంగీతం తెగిపోతుంది. అదే చిత్రంలో అంధుడైన త్సురుమారు వేణువు ఒంటరిగా పలుకుతుంది. విశాలమైన శోకం వాద్యబృందానిది, ఒక మనిషి గాయం వేణువుది.

4. జాన్ విలియమ్స్: పాత్రకు వాద్యం:

విలియమ్స్ పద్ధతి వేరు. ఆయన ‘షిండ్లర్స్ లిస్ట్’ (1993)లో పెర్ల్‌మన్ వయొలిన్‌ను, ‘సెవెన్ ఇయర్స్ ఇన్ టిబెట్’ (1997)లో యో-యో మా చెల్లోను కథ గుండెకాయగా నిలిపారు. ‘గెయిషా’లో ఆ ఇద్దరినీ ఒకే కథలోకి తెచ్చారు. సయూరి అంతరంగం చెల్లోది. చైర్మన్ పాత్ర వయొలిన్‌ది. షకుహాచి, కోతో ఎక్కువగా స్థలాన్ని, కాలాన్ని, వాతావరణాన్ని సూచిస్తాయి.

చైర్మన్ సంగీతం తిశ్ర నడకలో సాగే వాల్ట్జ్. జపాన్ పారిశ్రామికవేత్తకు ఐరోపా నృత్యలయ ఇవ్వడం పైకి అసంగతంగా కనిపిస్తుంది. అయితే ఆధునిక, పాశ్చాత్యీకృత జపాన్‌కు ఆ పాత్ర ప్రతినిధి. గెయిషా లోకం నుంచి సయూరి చూసే బయటి ప్రపంచం కూడా అదే. ఈ దృష్టితో వాల్ట్జ్ సార్థకమే.

చెల్లో రచనలో మరో విశేషం ఉంది. షకుహాచిలో శ్వాసతో, తల కదలికతో స్వరాన్ని వంచుతారు. గమకానికి అలవాటుపడిన శ్రోతకు ఇది పరిచితమైన అనుభూతి. మా చెల్లో కూడా స్వరాల మధ్య జారుతూ, ఊపిరి తీసుకుంటున్నట్లు సాగుతుంది. అంటే జపాన్ వాద్యపు పలుకుబడి చెల్లోలోకి ప్రవేశించింది. కానీ పలుకుబడిని అరువిచ్చిన వాద్యం అంచుకే పరిమితమైంది. తరువాత విలియమ్స్ ఈ సంగీతానికి చెల్లో, వాద్యబృందాల కచేరీ రూపం ఇచ్చినప్పుడు ఏకవాద్య స్థానం చెల్లోకే దక్కింది.

5. విమర్శ, దాని పరిమితి:

ప్రధాన జపాన్ పాత్రలను చైనా, మలేసియా నటీమణులు పోషించడంపై ఈ చిత్రం వివాదాన్ని ఎదుర్కొంది. వాద్యాల విషయంలోనూ అదే ప్రశ్న వేయవచ్చు. అయితే వాద్యాల జాతీయతను లెక్కించడంతో విమర్శ ఆగిపోతే ‘రషోమోన్’, ‘రాన్’ కూడా దోషులవుతాయి. జపాన్ వాద్యానికి తన మాట తాను చెప్పుకునే అవకాశం దక్కిందా అన్నదే అడగవలసిన ప్రశ్న. ‘సెప్పుకు’లో దక్కింది. ‘గెయిషా’లో దాని భావాన్ని చెల్లో అనువదించి చెప్పింది. ఆ అనువాదం అందమైనదే, కానీ మూలం వినిపించడానికి అది ప్రత్యామ్నాయం కాలేదు.

6. ముగింపు:

• జపాన్ చలనచిత్ర సంగీతంలో పాశ్చాత్య వాద్యబృందం మెయిజీ కాలపు విద్యావిధానం నుంచి ఎదిగిన అంతర్భాగం.

• తకెమిత్సు రెండు నాదాల మధ్య దూరాన్ని కాపాడారు. విలియమ్స్ ఏకవాద్యకారుడి ద్వారా ఆ దూరాన్ని తగ్గించారు.

• ప్రఖ్యాత ఏకవాద్యకారుడి ఉనికి అపరిచిత సంగీతాన్ని విస్తృత శ్రోతలకు చేరుస్తుంది. అదే సమయంలో ఆ సంగీతపు సొంత గొంతును వెనక్కి నెట్టగలదు.

• అందువల్ల ఇటువంటి సంగీతాన్ని పరిశీలించేటప్పుడు వాద్యాల జాబితాతో పాటు ప్రధాన వరుస, మౌనం, ఏకవాద్య స్థానం ఏ వాద్యానికి దక్కాయో గమనించడం అవసరం.