అప్పు నుంచి రుణసంఖ్య వరకు

రుణం అంటే అప్పు. గణితంలో సున్న కంటే చిన్న సంఖ్యకు కూడా మనం అదే మాట వాడతాం. ఈ పోలిక సంఖ్యాభావన వికాసానికి ఎంతవరకు తోడ్పడింది, ఎక్కడ చాలకపోయింది అనే అంశాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

చైనాలో లియు హుయి క్రీ.శ. 263లో రాసిన వ్యాఖ్యానంలో ధనరాశులకు ఎర్ర పుల్లలు, రుణరాశులకు నల్ల పుల్లలు వాడే పద్ధతి కనిపిస్తుంది. గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ మాత్రం, ఒక సంఖ్యకు నాలుగు రెట్లు తీసుకొని 20 కలిపితే 4 రావాలన్న సమీకరణం అర్థరహితమని తోసిపుచ్చాడు. దాని సాధన −4 అని నేడు మనకు తెలుసు.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం'లో ధన, రుణ, శూన్య రాశుల పరిక్రియలకు నియమాలు చెప్పాడు. సమానమైన ధనరుణాల మొత్తం సున్న. రెండు రుణాల లబ్ధం ధనం. వీటిలో మొదటిది అప్పు లెక్కతోనే బోధపడుతుంది. చేతిలో 500 రూపాయలు, అప్పు 800 రూపాయలు ఉంటే నికర స్థితి −300. కానీ అప్పును అప్పుతో గుణించే వ్యవహారం ఏ పద్దు పుస్తకంలోనూ ఉండదు. చాలామంది విద్యార్థులు తడబడేదీ ఇక్కడే.

ఇక్కడ మనకు తోడ్పడేది విభాగ న్యాయం. 2 + (−2) = 0. రెండు వైపులా −3తో గుణిస్తే (−3)×2 + (−3)×(−2) = 0. మొదటి పదం −6 కనుక రెండో పదం +6 కాక తప్పదు. అంటే సంఖ్యలను విస్తరించినప్పుడు పాత న్యాయాలు చెడకూడదన్న నియమమే ఈ గుర్తును నిర్ణయించింది.

సున్నతో భాగహారం ఇంకా చిక్కైనది. సున్నను సున్నతో భాగిస్తే సున్న అని బ్రహ్మగుప్తుడు చెప్పాడు. సున్నతో భాగించినా సంఖ్య మారదని 9వ శతాబ్దిలో మహావీరుడు 'గణితసార సంగ్రహం'లో రాశాడు. ఈ గ్రంథాన్నే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. రెండో భాస్కరుడు 12వ శతాబ్దిలో అటువంటి రాశిని 'ఖహరం' అని పిలిచి అనంతంగా భావించాడు. సున్నతో గుణిస్తే 5 వచ్చే సంఖ్య ఏదీ లేదు కనుక 5 ÷ 0 నిర్వచితం కాదని నేడు అంటున్నాం.

ఐరోపాలోనూ సందేహాలు చాలాకాలం కొనసాగాయి. రుణమూలాలను బీజగణితంలోకి రానివ్వకుండా ఉండవలసిందని ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ 1758లో వాదించాడు. పండితులకే శతాబ్దాలు పట్టిన భావన ఇది. పాఠశాల విద్యార్థి 'ఎందుకు?' అని అడిగితే దాన్ని మందబుద్ధిగా భావించకూడదు. రేపు ఉపాధ్యాయులు కాబోయే మీరు ఆ ప్రశ్నకు సూత్రంతో కాక కారణంతో జవాబు చెప్పగలగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 0 ÷ 0 = 0 అని అంగీకరిస్తే ఏ ఇబ్బంది వస్తుంది? 0 × 7 = 0 అన్న సత్యం ఆధారంగా వివరించండి.