వాల్తేరు కడలిలోని ‘కళింగ’

అమరావతి శిల్పములను 1845లో త్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొర పేరు శ్రోతలు వినియుందురు. లండను చేరిన ఆ శిలలకు చిరకాలము ఆయన పేరే చెల్లినది. అదే దొర వాల్తేరు తీరమున గుల్ల లేని సముద్రపు నత్తలను ఏరించి, మన దేశపు చిత్రకారులచే వాటి రూపములను రంగులలో వ్రాయించెనని మేమును ఇటీవలనే తెలిసికొంటిమి. 1845 నుండి 1854 వరకు ఆయన ఉత్తర సర్కారులకు కమీషనరు. కచేరీ పనుల నడుమ ఇంతటి తీరిక ఎట్లు దొరికెనో!

నత్తయనగానే మనకు పెరటి గోడపై ప్రాకు బూడిదవన్నె జీవి తోచును. ఈ కడలి నత్తలు వేరు. ఎదిగిన వాటికి గుల్ల యుండదు. పెక్కింటికి వీపు వెనుకభాగమున మొప్పలు పూరేకులవలె విచ్చుకొనియుండును. తలపై రెండు చిన్న కొమ్ములు వాసనను పసిగట్టును. ఇక రంగులా, ఎరుపు, పసుపు, నీలము, పట్టుచీరల అంచులే! అయితే చచ్చిన పిమ్మట స్పిరిటులో నిలువచేసినచో ఆ వన్నె వెలసిపోవును. దేహము ముడుచుకొని ముద్దయగును. సీసాలోని ఆ ముద్దను చూచి ఇది ఫలానా జాతియని చెప్పుట మహాపండితులకును కష్టమే.

ఆ కష్టము ఇంగ్లండులోని న్యూకాసిల్ వాసులైన జాషువా ఆల్డరు, ఆల్బనీ హాన్‌కాకులకు ఎదురయ్యెను. బ్రిటిష్ తీరపు నత్తలపై గొప్ప గ్రంథము వెలువరించిన జంట అది. వాల్తేరు వారెన్నడును చూడలేదు. ఇట్టి నత్తల నాలుకపై వరుసదీరిన సూక్ష్మదంతములు స్పిరిటులోను చెడవు. పోయిన రంగులకు మాత్రము చిత్తరువులే సాక్ష్యము. రెండును కావలసినవే. రంగు నొక్కదానిని నమ్మినచో మోసపోవుదుము. ఒకదానినొకటి పోలిన వేర్వేరు జాతులు పెక్కు కలవు. దంతములనే చూచినచో, బ్రతికిన జీవి ఎట్లుండెనో తెలియదు.

1864లో లండను జంతుశాస్త్ర సంఘపు ప్రచురణలో వారి వ్యాసము వెలువడెను. అందు ఒక నత్తకు తెలిసిన ప్రజాతులలో దేనిలోను చోటు కుదరలేదు. పారదర్శకమైన దేహము, దానిపై ఎర్రని మొనల బుడిపెలు. దానికై క్రొత్త ప్రజాతినే కల్పించి ‘కళింగ ఆర్నేటా’ యనిరి. అలంకృతయగు కళింగ యని అర్థము. వాల్తేరు కళింగసీమలోనిదే గదా! మరియొక నత్తకు ఎలియట్ పేరే పెట్టిరి. ప్రాణమున్న జీవిని ఎదుట నుంచుకొని వన్నె చెడకుండ వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము ఏ నత్తకును రాలేదు. మాకిది లోటుగనే తోచుచున్నది.

కళింగ వాల్తేరుకే పరిమితము కాదు. జపాను తీరమునను కలదు. నక్షత్రపు చేపలకు దాయాదులైన, పెళుసు చేతులు గల జీవులను అది తినునని అచ్చటివారు గమనించిరి. అక్కడి వలలో పడినను, శాస్త్రజ్ఞుడు దానిని కళింగ యనియే పిలువవలయును.