గడ మీది ఆడమనిషి

ఏంజెలా కార్టర్ రాసిన ‘నైట్స్ ఎట్ ద సర్కస్’ 1984లో వచ్చింది. కథాకాలం 1899. లండన్‌లో మొదలై పీటర్స్‌బర్గ్ మీదుగా సైబీరియా మంచులోకి పోయే ఒక సర్కస్ కథ ఇది. నాయిక ఫెవర్స్ ఆరడుగులు దాటిన మనిషి. భారీ శరీరం, వీపున రెక్కలు. గుడ్డులోంచి పుట్టానని చెప్పుకుంటుంది. ఆ రెక్కలు నిజమో కట్టుడో తేల్చేద్దామని వాల్సర్ అనే అమెరికన్ విలేఖరి ఆమె వెంటపడి, చివరికి అదే సర్కస్‌లో బఫూనుగా చేరిపోతాడు.

చారిత్రక నవల అంటే రాజులూ యుద్ధాలూ గుర్తొచ్చే అలవాటు మనది. పల్నాడు దాన్ని కాబట్టి నాకు మరీను. కారెంపూడి, మాచర్ల, గురజాల – ఏ ఊరి పేరెత్తినా బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కోడిపందెం. ఆ కథలో రాజ్యం నడిపిన ఒకే ఒక్క ఆడమనిషి నాయకురాలు నాగమ్మ. మంత్రాంగం మగవాడు చేస్తే నేర్పు, ఆమె చేస్తే కుట్ర. కథ ఎవరి నోట వింటున్నామనేది ఎంత ముఖ్యమో పల్నాడు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కార్టర్ నవలలో నన్ను కట్టిపడేసింది కూడా అదే. మొదటి భాగమంతా ఫెవర్స్ తన కథ తనే చెబుతుంది. పక్కన పెంపుడుతల్లి లిజీ అందుకుంటూ, సరిదిద్దుతూ ఉంటుంది. విలేఖరి రాసుకుంటూ కూర్చుంటాడు. ఎంత నిజం చెప్పాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ఆ ఇద్దరు ఆడవాళ్ళే.

రెండో సంగతి, ఈ నవల సర్కస్‌ని వింతగా కంటే ఎక్కువగా పనిచోటుగా చూపిస్తుంది. యజమాని కల్నల్ కీర్నీ తన పందిపిల్లని సలహా అడిగి నిర్ణయాలు తీసుకుంటాడు. చింపాంజీలు తమ కాంట్రాక్టు తామే మాట్లాడుకుంటాయి. మిన్యోన్ అనే అనాథపిల్ల మాత్రం కోతుల్ని ఆడించేవాడి చేతిలో రోజూ దెబ్బలు తింటుంది. జంతువులకి ఉన్న బేరమాడే శక్తి కూడా ఆ పిల్లకి లేదు. ఇంత నవ్వు నిండిన నవలలో ఆ పేజీల దగ్గర నవ్వు ఆగిపోతుంది.

ఫెవర్స్ కాలంలోనే మన దేశంలోనూ సర్కస్ ఊపిరి పోసుకుంటోంది. విష్ణుపంత్ ఛత్రే 1880లో ‘గ్రేట్ ఇండియన్ సర్కస్’ మొదలుపెట్టారు. 1901లో తలశ్శేరి దగ్గర చిరక్కరలో కీలేరి కుంఞికణ్ణన్ సర్కస్ బడి పెట్టారు. ప్రియనాథ్ బోస్ నడిపిన గ్రేట్ బెంగాల్ సర్కస్‌లో సుశీలా సుందరి పులుల బోనులోకి వెళ్ళి ఆడింది. మన తెలుగువాళ్ళకి సర్కస్ అంటే కోడి రామమూర్తి నాయుడు. ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్న ఆ వీరుడి పేరుతో శ్రీకాకుళంలో స్టేడియం కూడా ఉంది. ఉండవలసిందే. కానీ సర్కస్ గుడారాలు రాకముందే, గుడారం, టిక్కెట్టూ లేకుండా మన ఊళ్ళ నడివీధుల్లో అంతకంటే ప్రమాదమైన ఆట ఆడిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళు దొమ్మరి స్త్రీలు.

డోలు మోగుతుంటే పాతిన వెదురు గడ ఎక్కి, దాని కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగేది ఆమె. కింద వల లేదు. పట్టుకునే జోడీ లేదు. గడ ఎక్కించడం ఊరికి శుభమని మా వైపు పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆట అయ్యాక గింజలు పెట్టేవారు, పాతగుడ్డలు ఇచ్చేవారు. ఊరికి శుభం చేసిన మనిషి ఊరి బయటే ఉండాలి. ఆమె కులం పేరు ఊళ్ళో ఆడపిల్లల్ని తిట్టడానికి తిట్టయింది. వాళ్ళలో కొందరు ఆడపిల్లల్ని బసివిని చేసిన ఆచారాన్ని చూపించి, కులం మొత్తానికీ ముద్ర వేశారు. ఎవరి కోసం బసివిని చేశారో, ఆ ఇళ్ళకి వెళ్ళిన మగవాళ్ళెవరో ఏ నిఘంటువూ చెప్పదు.

1909లో వచ్చిన ఎడ్గార్ థర్స్టన్ ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో దొమ్మర్ల గురించి ఉంది. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి కులాలని అర్థం చేసుకోవచ్చనుకున్న అధికారి ఆయన. వాల్సర్‌కీ ఈయనకీ ఒక పోలిక ఉంది: ఇద్దరూ ఎదుటి మనిషి శరీరం గుట్టు తేల్చడానికి వచ్చినవాళ్ళే. కానీ వాల్సర్ ఆ ప్రయాణంలో కిందపడి, జ్ఞాపకం పోగొట్టుకుని, వేరే మనిషై లేస్తాడు. థర్స్టన్ పుస్తకంలో మాట్లాడేది మొదటి నించి చివరిదాకా అధికారే. సంచార కులాల మీద నేరస్థుల ముద్ర వేసిన 1871 నాటి చట్టం 1911లో మదరాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. అప్పటి గుంటూరు జిల్లాలోనే 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వచ్చింది. చట్టం రద్దయింది 1952లో. ఊరూరా తిరగడమే బతుకైన వాళ్ళని తిరగడమే నేరమన్న రోజులు అన్నేళ్ళు నడిచాయి.

ఇక్కడే కార్టర్‌తో నాకు పేచీ. ఫెవర్స్ పెరిగింది వేశ్యాగృహంలో. రచయిత్రి దాన్ని పుస్తకాలూ చర్చలూ నిండిన ఆడవాళ్ళ బడిగా మార్చేసింది. సైబీరియా జైల్లో ఖైదీ స్త్రీలూ, కాపలా స్త్రీలూ ఒకరినొకరు ప్రేమించుకుని, కలిసి తలుపులు తీసుకుని బయటికి నడుస్తారు. చదవడానికి ఎంత హాయిగా ఉందో! కానీ అదే మంత్రాన్ని దొమ్మరి స్త్రీ మీద వేస్తే కులం మాయమైపోతుంది. ఫెవర్స్ గొప్ప ప్రదర్శకురాలై, డబ్బు లెక్కపెట్టుకుని, తనని అవమానించిన ప్రపంచాన్ని చూసి విరగబడి నవ్వగలదు. గడ దిగిన మనిషికి మంచినీళ్ళు కూడా ఎత్తి పోసే ఊళ్ళో ఆ నవ్వు ఎక్కడినించి వస్తుంది? ఆమెని చూసి జాలిపడటం ఒక తప్పు. ‘ఎంత ధైర్యమో’ అని మురిసిపోయి ఊరుకోవడం ఇంకో తప్పు. రెండిట్లోనూ మనం కిందనే నిలబడి చూస్తున్నాం.

పి.ఆర్. నిషా రాసిన ‘జంబోస్ అండ్ జంపింగ్ డెవిల్స్’ 2020లో వచ్చింది. భారతీయ సర్కస్‌కి సామాజిక చరిత్ర అది. అలాంటి పని తెలుగులో గడ దగ్గరినించి మొదలవ్వాలి. నరసరావుపేట చుట్టుపక్కల, కోటప్పకొండ తిరునాళ్ళ దారుల్లో గడ ఎక్కిన ఆడవాళ్ళని అడగవలసినవి చాలా ఉన్నాయి. ఎన్నో ఏట ఎక్కావమ్మా? ఎవరు నేర్పారు? నెలసరి రోజుల్లో ఎక్కావా, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కావా? వచ్చిన గింజలు ఎవరి చేతికి వెళ్ళేవి? పైనించి చూస్తే ఊరు ఎలా కనిపించేది?

ఈ చివరి ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు. చిన్నప్పుడు గడ ఎక్కినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. నవల తర్వాత రాసుకోవచ్చు. ముందు వెళ్ళి వినాలి.